ఫ్లేమ్‌త్రోవర్ ట్యాంకు నిజంగా కదిలే పెట్రోలు బంకేనా?

కృష్ణాతీరం
మా అమ్మాయి పదో తరగతి ప్రాజెక్టు కోసం రెండో ప్రపంచయుద్ధపు ట్యాంకుల గురించి సమాచారం సేకరిస్తోంది. తెలుగులో దొరికిన ఒక వ్యాసంలో ఫ్లేమ్‌త్రోవర్ ట్యాంకును, అంటే మంట చిమ్మే ట్యాంకును, "కదిలే పెట్రోలు బంకు" అన్నారు. ఒక్క తూటా తగిలితే లోపలివాళ్ళంతా బూడిదయ్యేవారనీ, అది కిలోమీటరు దూరం వరకు నిప్పులు కక్కేదనీ రాశారు. ఆ రెండు మాటలూ నిజమైతే అలాంటి ట్యాంకులను బ్రిటిష్‌వాళ్ళు ఒక్క రకంలోనే 800 వరకు ఎందుకు తయారుచేశారో నాకు అర్థం కాలేదు. యుద్ధాల గురించి తెలుగులో రాసేవారు ఆశ్చర్యార్థకాలతో సరిపెట్టి అసలు యంత్రం ఎలా పనిచేసిందో చెప్పకపోవడం నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం. ఇంధనం ఎక్కడ ఉండేది, మంట ఎంత దూరం పోయేది, ఇప్పుడు ఆ ట్యాంకులు ఎందుకు కనబడవు అన్న మూడు ప్రశ్నలకు తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

లోహవిద్య
మీరు చెప్పిన 800 లెక్క చర్చిల్ క్రోకడైల్ అనే బ్రిటిష్ ట్యాంకుది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. పీడన పాత్రలతో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మెకానికల్ ఇంజనీరును కనుక ఆ యంత్రం మీద నాకు ప్రత్యేకమైన ఆసక్తి ఉంది.

క్రోకడైల్‌లో మంటకు వాడే ఇంధనం ట్యాంకు లోపల ఉండేది కాదు. వెనుక ఆరున్నర టన్నుల బరువుండే ఉక్కు కవచపు ట్రైలర్ ఒకటి తగిలించి, అందులో 400 గ్యాలన్లు, అంటే సుమారు 1,800 లీటర్లు నింపేవారు. మన ఊళ్ళలో డీజిల్ పోసుకునే 200 లీటర్ల పీపాలు తొమ్మిదింటికి అది సమానం. అదే ట్రైలర్‌లో అధిక పీడనంతో నింపిన నైట్రోజన్ సిలిండర్లు ఉండేవి. ఆ వాయువు నెట్టగా ఇంధనం ట్యాంకు పొట్ట కింది గొట్టం గుండా ముందుకు వచ్చి, మామూలు చర్చిల్ ట్యాంకులో ముందుభాగపు మెషిన్‌గన్ ఉండే చోట అమర్చిన నాజిల్ నుంచి బయటికి చిమ్మేది. పైన టరెట్‌లోని, అంటే చుట్టూ తిరిగే గూటిలోని, 75 మిల్లీమీటర్ల ఫిరంగి ఎప్పటిలాగే ఉండేది కాబట్టి అది మామూలు ట్యాంకుగానూ పోరాడగలిగేది. ట్రైలర్‌కు ప్రమాదం వస్తే లోపలినుంచే దాన్ని విడిచిపెట్టి ముందుకు పోయే ఏర్పాటు ఉండేది. ఐదుగురు సిబ్బంది పెట్రోలు పీపాల మధ్య కూర్చుని యుద్ధం చేశారన్న మాట కనీసం క్రోకడైల్ విషయంలో నిజం కాదు.

అయితే దానికి ఒక బలహీనత ఉంది, అది పీడన పాత్రలు తెలిసిన ఎవరికైనా వెంటనే తడుతుంది. ట్రైలర్‌లో ఎక్కించిన పీడనం ఎక్కువసేపు నిలిచేది కాదు కనుక దాడికి కాస్త ముందు మాత్రమే ఎక్కించుకోవాలి. దాడి ఆలస్యమైతే మొత్తం శ్రమ వృథా అయ్యేది. ఒక్క సెకను చొప్పున చిమ్మితే దాదాపు 80 సార్లు సరిపోయేంత ఇంధనం మాత్రమే ఉండేది. యుద్ధం మధ్యలో 80 సెకన్లు అంటే ఎంత తక్కువో ఊహించండి.

ఓరుగల్లు_కోట
కిలోమీటరు మాట పూర్తిగా తప్పు. క్రోకడైల్ మంట సాధారణంగా 80 నుంచి 120 గజాలు పోయేది. క్రికెట్ పిచ్ 22 గజాలు కనుక నాలుగైదు పిచ్‌ల దూరం అనుకోండి. ఆ కాలపు ట్యాంకు నిరోధక ఫిరంగి కిలోమీటరు దూరం నుంచి కొట్టగలదు కాబట్టి, మంట చిమ్మే దూరానికి చేరేలోపు ట్యాంకు అన్ని దెబ్బలనూ తట్టుకోవాలి. అందుకే ముందువైపు 152 మిల్లీమీటర్ల కవచం ఉన్న చర్చిల్ ట్యాంకు ఏడో రకాన్ని (మార్క్-7) ఎంచుకున్నారు.

బర్మింగ్‌హామ్_తెలుగు
రెండేళ్ళ క్రితం పిల్లలతో డోర్సెట్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియానికి వెళ్ళినప్పుడు క్రోకడైల్‌ను దగ్గరగా చూశాను. నాజిల్ ఎంత చిన్నదో చూసి ఆశ్చర్యపోయాను. మెషిన్‌గన్ అని చెప్పినా నమ్మేవాడిని. భయపెట్టేది ముందుభాగం కాదు, వెనుక ఉన్న ఆ ట్రైలరే. లోహవిద్య గారు చెప్పిన ఇంధనపు గొట్టం ట్రైలర్‌కూ ట్యాంకుకూ మధ్య ఉన్న కీలు గుండా పోతుంది. ట్రైలర్ గుంతలో దిగినా గట్టెక్కినా మలుపు తిరిగినా గొట్టం తెగకుండా ఉండేలా ఆ కీలు అన్ని దిక్కులకూ వంగుతుంది. మొత్తం యంత్రంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది అదే.

చరిత్రచూపు
చర్చ అంతా బ్రిటిష్‌వాళ్ళ చుట్టూ తిరుగుతోంది కాబట్టి కొంత వెనక్కి తీసుకువెళతాను. ట్రైలర్ ఆలోచన బ్రిటిష్‌వాళ్ళ సొంతం కాదు. ఇటలీవాళ్ళు 1935-36లో ఇథియోపియా మీద దండెత్తినప్పుడే తమ చిన్న సీవీ-33 ట్యాంకెట్ల వెనుక 500 లీటర్ల ట్రైలర్ తగిలించి మంట చిమ్మించారు. కవచం పలుచన, ప్రత్యర్థికి ఆయుధాలు తక్కువ. ఆ దాడిలోని అన్యాయం గురించి మాట్లాడాలంటే వేరే చర్చ కావాలి.

జర్మన్లు 1941లో సోవియట్ యూనియన్ మీదికి పంపిన ఫ్లామ్‌పాంజర్-2 మాత్రం కృష్ణాతీరం గారు చదివిన వ్యాసానికి చాలా దగ్గరగా ఉంటుంది. ముందు మడ్‌గార్డుల మీద రెండు చిన్న టరెట్లు పెట్టి వాటినుంచి మంట చిమ్మించారు. ఆ మంట పాతిక మీటర్లకు మించి పోయేది కాదు. పలుచని కవచంతో శత్రువుకు పాతిక మీటర్ల దగ్గరికి పోవడం అంటే సిబ్బందిని బలిపెట్టడమే. ఏడాది తిరక్కుండానే ఆ బండ్లను వెనక్కి తెప్పించి, వాటి చాసిస్‌ల మీద ట్యాంకు నిరోధక ఫిరంగులు బిగించారు. తరువాత 1943లో పాంజర్-3 మీద 100 ఫ్లేమ్ ట్యాంకులు తయారుచేశారు. వాటి మంట 50, 60 మీటర్లు పోయేది.

సోవియట్‌వాళ్ళది మూడో దారి. టీ-34 ట్యాంకు ముందుభాగపు మెషిన్‌గన్ తీసేసి ఆ చోట మంట చిమ్మే పరికరం పెట్టారు, దాన్నే ఓటీ-34 అన్నారు. వాయు పీడనానికి బదులు తూటా మందు పేలుడుతో పిస్టన్‌ను నెట్టి, ఒక్కొక్క చిమ్ముకు పది లీటర్ల చొప్పున ఇంధనం విసిరేవారు. ఇంధనం తక్కువే పట్టేది, కానీ బయటికి చూస్తే అది మామూలు టీ-34లాగే కనబడేది. ఏ ట్యాంకు నిప్పు కక్కుతుందో శత్రువు ముందుగా గుర్తుపట్టలేడు. వెనుక ట్రైలర్ ఈడ్చుకుంటూ వచ్చే క్రోకడైల్‌కు ఆ సౌకర్యం లేదు.

లోహవిద్య
ఇటలీ ట్రైలర్ సంగతి నేను మరచిపోయాను, సవరణను అంగీకరిస్తున్నాను. దూరాల తేడాకు అసలు కారణం ఇంధనపు చిక్కదనం. వంటింట్లో పాకం పట్టేవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. నీటిని గొట్టంతో వేగంగా కొడితే కొంత దూరం పోయి తుంపరలుగా విడిపోతుంది, అదే తీగపాకం అయితే విడిపోకుండా ధారగా సాగుతుంది. పలుచని పెట్రోలు గాలిలోనే తుంపరలై, దారిలోనే కాలిపోయి, పెద్ద మంట, పొగ చూపించి ఆగిపోతుంది. చిక్కబరచిన ఇంధనం కడ్డీలాగా సాగి, తగిలినచోట అంటుకుని అక్కడ కాలుతుంది. 1942లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో లూయీ ఫీజర్ బృందం పెట్రోలును చిక్కబరచే నేపామ్ అనే పదార్థాన్ని తయారుచేసింది ఈ చిక్కదనం కోసమే. నాఫ్తెనేట్, పామిటేట్ అనే రెండు మాటల మొదటి అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టారు. క్రోకడైల్ సిబ్బంది కొన్నిసార్లు ముందు మంట లేకుండా ఇంధనాన్ని మాత్రమే శత్రువు గుంత మీద చల్లి, ఆ తరువాత వెలిగించేవారు.

కోనసీమ_కాలువ
ఇందులో భారతీయ సైన్యానికి సంబంధించిన ఘట్టం ఒకటి ఉంది, ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి రాస్తున్నాను. ఇటలీలో 1945 ఏప్రిల్ 9న ఎనిమిదో భారతీయ డివిజన్, న్యూజీలాండ్ డివిజన్ సెనియో నదిని దాటాయి. మా ప్రాంతంలో గోదావరికి ఎలా ఏటిగట్లు ఉంటాయో ఆ చిన్న నదికి కూడా రెండువైపులా ఎత్తయిన ఏటిగట్లు ఉన్నాయి. జర్మన్లు ఆ గట్ల లోపలే గుహల్లాగా తవ్వుకుని మెషిన్‌గన్లతో కూర్చున్నారు. ఫిరంగి గుండు గట్టు మీద ఎంత పడినా అవతలి వాలులో కూర్చున్నవాడికి తగలదని ఏటిగట్టు మీద నడిచిన ఎవరికైనా తెలుస్తుంది. విమానాలు, ఫిరంగులు గంటల తరబడి కొట్టిన తరువాత సాయంత్రం క్రోకడైల్ ట్యాంకులూ, వాస్ప్ అనే మంట చిమ్మే చిన్న కవచపు బండ్లూ గట్టు దగ్గరికి వచ్చి మంట చిమ్మాయి. వెనువెంటనే పదాతి దళం నదిలోకి దిగింది. అయినా ఆ రాత్రి పోరు తేలిగ్గా సాగలేదు. మరాఠా లైట్ ఇన్‌ఫెంట్రీకి చెందిన నామదేవ్ జాదవ్‌కూ, ఫ్రాంటియర్ ఫోర్స్ రైఫిల్స్‌కు చెందిన అలీ హైదర్‌కూ విక్టోరియా క్రాస్ వచ్చింది ఆ నది దగ్గరి పోరాటానికే.

మా తాతగారు ఆ సైన్యపు రవాణా విభాగంలో లారీ డ్రైవరు. ఆయన మంటను దూరం నుంచి చూశారు గానీ దాని గురించి మాకు ఎక్కువ చెప్పలేదు. మరునాడు గట్టు దాటి లారీ నడిపినప్పుడు కిరసనాయిలు వాసన లారీ గుడ్డలకు వారం రోజులు వదలలేదని మాత్రం చెప్పేవారు.

సౌదామిని
నేను గుంటూరులో కాలిన గాయాల విభాగంలో పనిచేసిన వైద్యురాలిని. పై పోస్టులన్నీ శ్రద్ధగా చదివాను, నేర్చుకున్నాను కూడా. కానీ నాజిల్, కీలు, పిస్టన్ గురించి ఇంత మాట్లాడుకుని, ఆ మంట అవతలి చివర ఉన్న మనిషి గురించి కోనసీమ_కాలువ గారి తాతగారి వాసన మాట తప్ప ఎవరూ ఏమీ రాయకపోవడం నన్ను కలవరపెట్టింది. మూసిన గదిలోకి మంట చొచ్చుకుపోతే ఒంటికి నిప్పు తగలనివాడు కూడా బతకకపోవచ్చు. గదిలోని ఆక్సిజన్ తరిగిపోతుంది, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది, వేడిగాలి పీల్చడంతో శ్వాసనాళం వాచి మూసుకుపోతుంది. ఇంట్లో గ్యాస్ ప్రమాదం జరిగి వచ్చినవారిలో చర్మం మీద పెద్దగా గాయాలు లేకుండానే చనిపోయినవారిని నేను చూశాను. బంకర్‌లో ఉన్న సైనికుడికి జరిగేది అదే. అమ్మాయి ప్రాజెక్టులో ఈ వాక్యం కూడా ఉండాలని నా కోరిక.

చరిత్రచూపు
సౌదామిని గారి బాధను గౌరవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తాను. ఈ ట్యాంకు చంపినవారికన్నా లొంగదీసుకున్నవారు ఎక్కువ అని చెప్పడానికి ఆధారాలు ఉన్నాయి. 1944 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ నగరం దగ్గర మోంబారే అనే పాత కోట ఉంది. చుట్టూ లోతైన కందకం, మందపు గోడలు. అమెరికన్ 29వ డివిజన్‌కు చెందిన 116వ పదాతి రెజిమెంటు దాన్ని పట్టుకోలేక ఆగిపోయింది. బ్రిటిష్ 141వ రెజిమెంటు క్రోకడైల్స్ సాయానికి వచ్చాయి. సెప్టెంబరు 14న మొదటి ప్రయత్నం మందుపాతరల మధ్య విఫలమైంది, 16న రెండో ప్రయత్నంలో ట్యాంకులు కందకం అంచుకు చేరి మంట చిమ్మగా కోట లొంగిపోయింది. అదే కోటను మంట లేకుండా తీసుకోవాలంటే రెండువైపులా ఇంకెంతమంది పోయేవారో ఆలోచించాలి. చాలాచోట్ల ముందున్న పొద మీద ఒక్కసారి మంట చిమ్మి చూపిస్తే చాలు, తెల్లజెండా కనబడేది.

సౌదామిని
బ్రెస్ట్ కోటలో లొంగిపోవడానికి ఒక ద్వారం, లొంగిపోతే ఖైదీగా తీసుకునే ఎదుటిపక్షం ఉన్నాయి. అదే ఆయుధం జపాన్‌లోని ఒకినావా దీవికి వెళితే మీ వాదన నిలబడదు. 1945 ఏప్రిల్ నుంచి జూన్ వరకు అక్కడ సున్నపురాయి గుహల్లో సైనికులతోపాటు పిల్లలూ తల్లులూ వృద్ధులూ దాక్కుని ఉన్నారు. లొంగిపోతే అమెరికన్లు చిత్రహింసలు పెడతారని జపాన్ సైన్యం వారికి నూరిపోసింది. గుహ నోట్లోంచి వెళ్ళే మంటకు లోపల సైనికుడు ఉన్నాడా, చంటిబిడ్డ ఉందా అన్నది తెలియదు. అక్కడి అమెరికన్ సేనాధిపతి బక్నర్ తన పద్ధతిని "బ్లోటార్చ్ అండ్ కార్క్‌స్క్రూ" అన్నాడు. బ్లోటార్చ్ లోహాన్ని కాల్చే పనిముట్టు, కార్క్‌స్క్రూ సీసా బిరడా లాగే పనిముట్టు; ఆయన మాటల్లో మొదటిది మంట, రెండోది పేలుడు పదార్థం. మనుషులున్న గుహల గురించి పనిముట్ల భాషలో మాట్లాడటం మొదలైతే ఏమవుతుందో ఆ మాటే చెబుతుంది.

డల్లాస్_దొరబాబు
పసిఫిక్ సంగతి కొంత చదివాను కాబట్టి కలుపుతున్నాను. అమెరికన్లు మొదట 1944 జూన్‌లో సైపాన్ దీవి మీద స్టూవర్ట్ అనే చిన్న ట్యాంకులకు కెనడాలో తయారైన పరికరం బిగించి వాడారు, వాటి పేరు సేటన్. అవి బలహీనమైనవని తేలాక హవాయిలో షెర్మన్ ట్యాంకు ఫిరంగి గొట్టం గుండానే మంట చిమ్మేలా మార్చారు. జపాన్‌కు చెందిన ఇవోజిమా దీవికి 1945 ఫిబ్రవరిలో అలాంటివి ఎనిమిది మాత్రమే వచ్చాయి, రెండు మెరీన్ డివిజన్లకు నాలుగేసి చొప్పున. పోరు చివరికొచ్చేసరికి ఐదో డివిజన్ ట్యాంకులు రోజుకు 5,000 నుంచి 10,000 గ్యాలన్ల ఇంధనం వాడాయి. ఒకినావాకు 713వ ట్యాంకు బెటాలియన్ మొత్తాన్నీ, అంటే 54 ట్యాంకులను, మంట ట్యాంకులుగా మార్చి పంపారు. ట్యాంకు ఎక్కలేని కొండచరియల మీదికి 200 అడుగుల గొట్టాన్ని పదాతి సైనికులు మోసుకెళ్ళి, కింద ఆగిన ట్యాంకు నుంచి ఇంధనం తోడి చిమ్మిన సందర్భాలూ ఉన్నాయి.

మా పక్కింటి పెద్దాయన వియత్నాంలో మెరీన్‌గా పనిచేశారు. అప్పటి ఎం-67 ట్యాంకులో మంట గొట్టాన్ని 90 మిల్లీమీటర్ల ఫిరంగిలా కనిపించే తొడుగులో దాచేవారు. దూరం నుంచి చూస్తే మామూలు ట్యాంకే. 1968లో హ్యూ నగరంలో ఇళ్ళ మధ్య జరిగిన పోరులో అవి ఉన్నాయి. మందుల షాపులో లైటరు చప్పుడు వినబడితే ఆయన ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తారు.

ఓరుగల్లు_కోట
సౌదామిని గారి ఒకినావా ఉదాహరణ తరువాత నా అభిప్రాయం మారింది. కోటకూ గుహకూ తేడా ఉంది.

చరిత్రచూపు
ఒకినావా విషయంలో నా వాదన నిలబడదని ఒప్పుకుంటున్నాను. మోంబారే విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. లొంగిపోయే దారి తెరిచి ఉన్నప్పుడే ఆ భయానికి అర్థం ఉంది అన్నది ఈ చర్చలో నేను నేర్చుకున్నది.

పలకాబలపం
తెలుగు పేరు గురించి ఒక మాట. పాఠ్యపుస్తకాల పద్ధతిలో "జ్వాలాక్షేపక ట్యాంకు" అంటే శత్రువుకన్నా ముందు విద్యార్థి భయపడతాడు. అమ్మాయి ప్రాజెక్టులో మొదటిసారి "మంట చిమ్మే ట్యాంకు" అని చెప్పి, తరువాత "ఫ్లేమ్ ట్యాంకు" అని రాస్తే సరిపోతుందని నా సూచన. "నిప్పులు కక్కే" అనడం కూడా సరికాదు, ఎందుకంటే అది కక్కేది నిప్పురవ్వలను కాదు, మండే ద్రవపు ధారను.

బర్మింగ్‌హామ్_తెలుగు
క్రోకడైల్స్ ఉన్న 79వ కవచ డివిజన్ సేనాధిపతి పెర్సీ హోబార్ట్ మన నైనితాల్‌లో 1885లో పుట్టాడు, తొలి ఉద్యోగం బెంగాల్ సాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలో. ట్యాంకుల గురించి మొండిగా వాదిస్తాడని 1940లో ఆయన్ను పదవీ విరమణ చేయిస్తే, ఊళ్ళో హోంగార్డు అనే స్వచ్ఛంద రక్షణ దళంలో లాన్స్ కార్పొరల్ అనే చిన్న హోదాలో చేరాడు. ప్రధాని చర్చిల్ కలగజేసుకుని వెనక్కి తెచ్చాడు. మందుపాతరలు చిమ్మే ట్యాంకు, నీళ్ళలో ఈదే ట్యాంకు, మంట చిమ్మే ట్యాంకు అన్నీ ఆయన డివిజన్‌లోవే.

లోహవిద్య
మందుపాతరలు చిమ్మేది కాదు, గొలుసులతో నేలను బాది మందుపాతరలను పేల్చేది. మిగతాదంతా సరే.

ఏడో_నంబరు_బెంచీ
మూడో ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. ఈ ట్యాంకులు ఇప్పుడు కనబడకపోవడానికి ప్రధాన కారణం దూరం. భుజం మీద పెట్టుకుని కొట్టే ట్యాంకు నిరోధక రాకెట్లు చేతికొచ్చాక వంద మీటర్ల దగ్గరికి ట్యాంకును తీసుకుపోవడం ఎవరికీ లాభసాటి కాలేదు. క్రోకడైల్ కాలానికే జర్మన్ సైనికుడి చేతిలో పాంజర్‌ఫాస్ట్ అనే ట్యాంకు నిరోధక ఆయుధం ఉంది. కొరియా యుద్ధానికి పంపిన క్రోకడైల్స్‌నే చాలావరకు ట్రైలర్ లేకుండా మామూలు ఫిరంగి ట్యాంకులుగా వాడారు. సోవియట్‌వాళ్ళు టీ-55 మీద టీఓ-55 అనే రకాన్ని 1960లలో కొనసాగించారు. అమెరికా 1978లో ఫ్లేమ్‌త్రోవర్లను వదిలేసింది.

ఈ రోజుల్లో వార్తల్లో వినబడే రష్యా టీఓఎస్-1ను ఆ దేశం "బరువైన ఫ్లేమ్‌త్రోవర్" అని పిలిచినా అది మంట చిమ్మదు. గాలిలో ఇంధనాన్ని చల్లి పేల్చే రాకెట్లను వదులుతుంది. పేరు చూసి రెండింటినీ ఒకటిగా రాయకూడదు.

సౌదామిని
చట్టం సంగతి కూడా చేర్చండి. 1980లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో వచ్చిన ఒడంబడికలోని మూడో ప్రోటోకాల్ తగలబెట్టే ఆయుధాలను పౌరుల మీద వాడటాన్ని నిషేధించింది. అందులో ఫ్లేమ్‌త్రోవర్ పేరు ఉదాహరణగా ఉంది. భారతదేశం కూడా ఆ ఒడంబడికలో చేరింది. సైనికుల మీద వాడటాన్ని మాత్రం అది పూర్తిగా నిషేధించలేదు. నిషేధించి ఉండవలసింది అని నా అభిప్రాయం.

కృష్ణాతీరం
ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. రాత్రి భోజనాల దగ్గర అమ్మాయికి మొత్తం చర్చ చదివి వినిపించాను. పాకం ఉదాహరణ వినగానే వాళ్ళమ్మ వంటింట్లోంచి తీగపాకానికీ ముదురు పాకానికీ తేడా చూపించింది, అది ప్రాజెక్టులో బొమ్మగా వస్తోంది. ఒకినావా గుహల భాగం చదివినప్పుడు అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ట్యాంకు లోపల నాజిల్ దగ్గర కూర్చున్నవాడికి గుహలో ఎవరున్నారో కనబడేదా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. లోహవిద్య గారు చెప్పగలరేమో.

లోహవిద్య
కనబడేది కాదు. మంట చిమ్మేవాడు చూడగలిగేది దట్టమైన అద్దాల పెరిస్కోపు గుండా చిన్న చీలికంత దృశ్యం. మంట వెలిగిన తరువాత ఆ చీలిక నిండా పొగే. గుహ ముఖద్వారం ఎక్కడుందో కూడా చాలాసార్లు బయటున్న పదాతి సైనికులే చూపించేవారు. అమ్మాయి అడిగిన ప్రశ్న నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను ఏ యంత్రం గురించీ అడగలేదు.

బర్మింగ్‌హామ్_తెలుగు
వచ్చే నెలలో మళ్ళీ బోవింగ్టన్ వెళుతున్నాము. ట్రైలర్ కీలు, నాజిల్, దాని పక్కన ఉన్న పెరిస్కోపు మూడింటికీ దగ్గరినుంచి ఫొటోలు తీసి ఇక్కడ పెడతాను. ప్రాజెక్టు ఎప్పటికి ఇవ్వాలో చెప్పండి.

కృష్ణాతీరం
ఇరవయ్యో తేదీకి. పెరిస్కోపు ఫొటో మొదట పంపండి, అమ్మాయి దానికోసం ఒక పేజీ ఖాళీగా ఉంచుతానంటోంది.